ఎయిర్‌బాక్సా, కోన్ ఫిల్టరా: ఘాటీ ఎక్కే ఆర్‌ఎక్స్ 100 మీద మావా అల్లుళ్ల వాదం

పాత టూ-స్ట్రోక్ బళ్ల మీద సాలూరు నించి కోరాపుట్ ఎక్కేవాళ్లలో ఈ తగువు తెగదు. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్లు, కోరాపుట్ సుమారు 870. మధ్యలో సుంకి ఘాటీ. బండి యమహా ఆర్‌ఎక్స్ 100, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ మికుని వీఎం20. మావయ్యది స్టాక్ ఎయిర్‌బాక్స్ పక్షం, అంటే గాలి వడకట్టడానికి కంపెనీ ఇచ్చిన పెట్టె. అల్లుడిది కోన్ ఫిల్టర్ పక్షం, అంటే ఆ పెట్టె తీసేసి నేరుగా కార్బురేటర్‌కి బిగించే శంకు ఆకారపు ఫిల్టర్.

అల్లుడు: మావయ్యా, 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. దాని ఎయిర్‌బాక్స్ మూత వంకరపోతుంది, కార్బురేటర్‌కి తొడిగే రబ్బరు గట్టిపడి పగుల్తుంది. ఆ పగుళ్లలోంచి వడకట్టని గాలి పోతుంటే స్టాక్ అని పేరేగానీ ఒరిగేదేటి? రెండు పొరల ఫోమ్ కోన్ పెట్టి క్లాంపు బిగిస్తే లీకన్న మాటే ఉండదు.

మావయ్య: రబ్బరు పగిలితే రబ్బరు మార్చాలి గానీ పెట్టె పీకేస్తారేటి? టూ-స్ట్రోక్‌లో గాలి ఎటు పోతాదో చూడు. ముందు క్రాంకు తిరిగే గదిలోకే, క్రాంక్‌కేస్‌లోకే గదా. పొట్టంగి వైపు లేచే ఎర్రమట్టి దుమ్ము బిగ్ ఎండ్ బేరింగు మీదుగా, పిస్టన్ స్కర్టు మీదుగా పోతాది. రింగులతో ఆగదు, క్రాంకు విప్పిస్తాది. బజార్లో అమ్మే ఇనపజాలీ కోన్‌లు ఉన్నాయి చూడు, అవి గులకరాళ్లనే ఆపుతాయి.

అల్లుడు: జాలీ కోన్ నేనూ ఒప్పుకోను. ఫోమ్ అంటున్నాను. కిరసనాయిల్లో కడిగి, మెలిపెట్టకుండా పిండి, నీడలో ఆరబెట్టి, ఆయిల్ పట్టించి, కారడం ఆగేదాకా మళ్లీ పిండి బిగిస్తే దుమ్ము దాటదు. పెట్రోలుతో కడిగితేనే అతుకులు ఊడేది.

మావయ్య: సరే, ఫోమే. గాలి పెరిగింది, మరి పెట్రోలు? కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే కన్నం ముక్క, అదే జెట్, మార్చకుండా కోన్ తగిలిస్తే గాలికి తగ్గ పెట్రోలు లేక మిక్చర్ లీన్ అవుతాది. పైకి బండి చురుగ్గా లాగుతున్నట్టే ఉంటాది. ఫుల్ థ్రాటిల్‌లో వేడెక్కి, ఎగ్జాస్టు వైపు పిస్టన్ మీద నిలువు గీతలు పడి సిలిండర్లో పట్టేస్తాది.

అల్లుడు: అందుకే గదా జెట్టింగ్. మెయిన్ జెట్ రెండు మూడు మెట్లు పెద్దది వేసి, అక్కణ్ణించి ఒక్కో మెట్టు దిగుతాను. పెద్దదాంతో మొదలెడితే పోయేది మసి పట్టిన ప్లగ్గు. చిన్నదాంతో అయితే పిస్టనే. గ్రిప్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెడతాను. ఐడిల్ నించి పావు దాకా చిన్నదైన పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ, థ్రాటిల్‌తో లేచే స్లైడు అడుగు కోత. పావు నించి ముప్పావు దాకా ఆ స్లైడుకి వేలాడే సూది, నీడిల్. ఆపైన మెయిన్ జెట్. బండి ఏ గీత దగ్గర తడబడితే ఆ పార్టే ముట్టుకోవాలి. ఎయిర్ స్క్రూ బైటికి తిప్పితే లీన్, లోపలికైతే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ లేచి రిచ్ అవుతుంది.

మావయ్య: ప్లగ్గు రంగు ఎలగ చూస్తావు?

అల్లుడు: కొత్త ప్లగ్గు వేసి, చదునైన ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో ఉండగానే ఇంజన్ ఆపి, వెంటనే క్లచ్ పట్టాలి. ఐడిల్‌లో ఇంటిదాకా వచ్చి విప్పితే కనిపించేది ఐడిల్ రంగే. పింగాణీ అడుగున లేత గోధుమ వలయం ఉండాలి. తెల్లగా ఉన్నా, అల్యూమినియం రవ్వలు మెరిసినా ఆ జెట్‌తో ఇంక నడపకూడదు.

మావయ్య: ఇదంతా ఏ ఊళ్లో? వేడి ఒకటే అనుకుంటే కోరాపుట్‌లో గాలి సాలూరు కన్నా సుమారు 8 శాతం పల్చన. అక్కడ సరిపోయిన జెట్ కిందికి దిగేసరికి లీన్.

అల్లుడు: సాలూరులోనే, శీతాకాలం పొద్దున్న, గాలి బాగా చిక్కగా ఉన్నప్పుడు సెట్ చేస్తాను. పైకెళ్లాక కాస్త రిచ్ అయి బుడబుడమంటుంది, అంతే గదా.

మావయ్య: మరి దిగేటప్పుడు? థ్రాటిల్ మూసి గేర్లో దిగితే చక్రం ఇంజన్ని తిప్పుతూనే ఉంటాది, పెట్రోలు మాత్రం పైలట్ జెట్ ఇచ్చిందే. యెజ్డీ రోడ్‌కింగ్ లాంటి, ఆయిల్ కలిపి పోసే బండికి ఆయిలూ అంతే. ఆర్‌ఎక్స్‌కి ఆయిల్ పంపు ఉన్నా అది తెరుచుకునేదీ థ్రాటిల్ కేబుల్‌తోనే. స్టాక్ బండికైనా నాలుగు మలుపులకోసారి థ్రాటిల్ ఇచ్చి వదలాలి. కోన్ పెట్టి పైలట్ లీన్‌గా వదిలేస్తే దిగుడులోనే పట్టేస్తాది.

అల్లుడు: పైలట్ కూడా చూసుకుంటాను. మీరు నమ్ముకున్న స్టాక్ జెట్ సంగతి చెప్పండి మరి. ఈ రోజు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి సరిపోయే చోట దీనికి 13.5 చాలు. అదే జెట్, అదే ఎయిర్‌బాక్స్, అయినా 7, 8 శాతం లీన్.

(ఈ మాట దగ్గర అల్లుడిదే పైచేయి. ఆ రోజుల పెట్రోలుకి కంపెనీ వేసిన జెట్ నంబరు ఇవాళ్టి పెట్రోలుకి సరిపోవాలని లేదు.)

మావయ్య: దానికి ఎదురు చెప్పను. మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచు, పైలట్ సరిచూడు. పెట్టె మాత్రం ఉంచు. కోన్ సిలిండర్ వెనకే వేడిగాలి పీలుస్తాది, వానలో తడిసి ఊపిరాడక రిచ్ అవుతాది. ఘాటీలో కావాల్సింది రెండో గేరు, మూడో గేరు లాగుడు. పెట్టెలో నిలకడగా ఉన్న గాలి వల్లే అది వస్తాది. కోన్ ఇచ్చేదంతా పై ఆర్‌పీఎంలో, అదీ ఎగ్జాస్టు గొట్టం, అదే ఎక్స్‌పాన్షన్ చాంబర్, మార్చిన బండికి.

అల్లుడు: చాంబర్ మార్చిన బండికే వేస్తానంటున్నాను.

మావయ్య: వెయ్యి. జెట్ కన్నం మాత్రం తీగతో పొడిచి పెద్దది చెయ్యకు, ఆ తర్వాత దాని మీది నంబరుకి అర్థం లేదు. ముందు ఇంజన్‌లోకి మిక్చర్ పోయే రీడ్ వాల్వ్ దగ్గర ఇన్‌టేక్ రబ్బరు వంచి, పగుళ్లున్నాయేమో చూడు. థ్రాటిల్ వదిలినా ఐడిల్ దిగట్లేదంటే గాలి అక్కణ్ణించో, క్రాంకు సీలు నించో దొంగతనంగా పోతున్నట్టు. అది ఆపకుండా ఏ జెట్ వేసినా లెక్క కుదరదు.