ఊరికే అడుగుతున్నాను

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో 302 గారు ఎవరినీ తిట్టరు. ఏదో ఒకటి అనేసి, చివర "ఊరికే అడుగుతున్నాను" అని తగిలించి, తాపీగా కాఫీకి వెళ్లిపోతారు.

ఉగాదికి వారం ముందు ఆయనకు సందేహం వచ్చింది. "కన్నడిగులు వేప, బెల్లంతో పండగ కానిచ్చేస్తారు కదా, మనకి ఆరు రుచులెందుకు? అయినా పచ్చట్లో అరటిపండు ఎవరినడిగి వేస్తున్నారు?"

గుంటూరు అత్తయ్యగారు శాస్త్రం చెప్పారు. అనంతపురం అన్నయ్య వాళ్లింటి గిన్నె ఫోటో పెట్టాడు. "గిన్నె మీదేననడానికి ఆధారం?" అన్నారు 302 గారు. జవాబు చెబితే ప్రశ్న మారిపోతుంది. చెప్పకపోతే "ఒప్పుకున్నట్టేగా" అంటారు. నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉండబట్టలేక, ఇటలీ ప్రోగ్రామర్ అల్బెర్టో బ్రాండోలినీ 2013లోనే చెప్పాడండీ, చెత్తమాట అనడానికి పట్టే శ్రమకు పది రెట్లు పడుతుందట దాన్ని తిప్పికొట్టడానికి, అని రాశాడు.

"పది రెట్లేనా? తొమ్మిదిన్నర కాదా? ఊరికే అడుగుతున్నాను."

కుర్రాడు లెక్క కట్టబోతుంటే వాళ్లమ్మ ఫోన్ లాక్కుంది. గ్రూపు మొత్తం మీద తెలివైన పని చేసింది ఆవిడొక్కతే.

చివరికి అడ్మిన్ బాబాయిగారు విసిగిపోయి, అడ్మిన్ తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేసి తిరుపతి బయల్దేరారు. ఉన్న ఒక్క అడ్మిన్ ఆయనే. మర్నాడు తిరుమలలో ఫోన్ కౌంటర్లో ఇచ్చేసి ఆయన క్యూలోకి వెళ్లారో లేదో, ఇక్కడ బోరు మోటారు కాలిపోయింది.

ట్యాంకర్ వాడి నంబరు ఎవరి దగ్గరుందో అడుగుదామంటే గ్రూపుకు తాళం. నైటీలు, లుంగీలు, బకెట్లు అన్నీ మెట్ల మీదికొచ్చాయి. ఎదురింటివాళ్ల మొహం చాలామంది అప్పుడే చూశారు. 302 గారూ దిగొచ్చారు, తల నిండా షాంపూ నురుగుతో.

"మోటారు కాలిందని ఎవరు తేల్చారు? ఆధారం ఏదీ?"

వాచ్‌మన్‌ది చిత్తూరు వైపు. ఆయన్ని ఎగాదిగా చూసి, "మీ తలకాయ మీదే ఉండాది సార్" అని తన దారిన పోయాడు.

సాయంత్రానికి బాబాయిగారు తాళం తీసి, దర్శనం బాగా జరిగిందని, అందరికీ లడ్డూలు తెస్తున్నానని మెసేజ్ పెట్టారు. మరు నిమిషంలో 302 గారు:

"అందరికీ అంటే, అద్దెకున్నవాళ్లకి కూడానా?"

ఓనర్లూ అద్దెవాళ్లూ ఒక్కసారే టైపింగ్ మొదలుపెట్టారు.