ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోయే వాన

2013 అక్టోబరు 12. ఫైలిన్ తుపాను ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ వైపు దూసుకొస్తోంది. అక్కడికి దగ్గర్లోని బరంపురంలో మా పెద్దమ్మ కరెంటు పోయేలోపు చివరిసారిగా తెలుగు చానల్ పెట్టింది. ఆకుపచ్చ గోడ ముందు నిలబడిన అమ్మాయి చెయ్యి నెల్లూరు దగ్గర మొదలై, బందరు, కాకినాడ, విశాఖ, కళింగపట్నం మీదుగా పైకి జారి, ఆంధ్ర సరిహద్దు ఊరు ఇచ్ఛాపురం దగ్గర టక్కున ఆగిపోయింది. ఆ పైన పటమే లేదు, బూడిదరంగు ఖాళీ. ఆ ఖాళీ మీద, సరిగ్గా బరంపురం ఉండాల్సిన చోట, చానల్ లోగో గిరగిరా తిరుగుతోంది. ఆ రాత్రి పెంకులు లేచిపోయాయి, వీధి చివరి రావిచెట్టు వేళ్లతో సహా పడింది. రోజుల తర్వాత ఫోను కలిసినప్పుడు విశాఖ నుంచి మా బంధువొకాయన అన్న మొదటి మాట: ‘ముప్పు తప్పిందని టీవీలో చెప్పారు కదా వదినా, మీరంతా కులాసాయేనా?’

ముప్పు తప్పిన మాట నిజమే. ఉత్తరాంధ్రకు.

వాతావరణ వార్త చదివేవారి ఉద్యోగం గురించి మన దగ్గర ఎవరూ గంభీరంగా మాట్లాడరు. అది వార్తలకూ సినిమా కబుర్లకూ మధ్య నిమిషంన్నర పని. చీర బాగుండాలి, ఉచ్చారణ బాగుండాలి, చెయ్యి సరైన జిల్లా మీద పడాలి. ఈ తేలికతనమే మనల్ని ముంచుతోందని నా వాదన. అందరికంటే ముందు ముంచుతున్నది సరిహద్దుకు అవతల ఉన్న తెలుగువాళ్లను.

ఈ వృత్తిలో ప్రపంచమంతా ఎరిగిన పేరు ఒకటుంది: బ్రిటన్‌కు చెందిన మైఖేల్ ఫిష్. 1962లో అక్కడి వాతావరణ శాఖలో ఉద్యోగిగా చేరి, 1974 నుంచి 2004 వరకు ముప్పై ఏళ్లపాటు బీబీసీ టీవీలో వాతావరణం చెప్పాడు. తొలి రోజుల్లో పటం మీద అయస్కాంతపు గుర్తులు అతికించేవారు. మబ్బు జారి కింద పడితే వంగి తీసి మళ్లీ పెట్టేవారు. ఇంత అనుభవం ఉన్నా ఆయన గుర్తుండిపోయింది ఒక్క తప్పు వల్ల. 1987 అక్టోబరు 15 మధ్యాహ్నం, తుపాను వస్తోందని ఒకావిడ బీబీసీకి ఫోన్ చేసిందట, ఆమె చూస్తుంటే కంగారు పడవద్దు, అలాంటిదేమీ లేదు అని నవ్వుతూ చెప్పాడు. ఆ రాత్రే దక్షిణ ఇంగ్లండ్‌ను పెనుగాలి చీల్చి చెండాడింది. బ్రిటన్‌లో 18 మంది చనిపోయారు, సుమారు కోటీ యాభై లక్షల చెట్లు కూలాయి. తాను మాట్లాడింది అమెరికాలోని ఫ్లోరిడా తుపాను గురించని ఆయన తర్వాత ఎంత మొత్తుకున్నా జనం వినలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో కూడా ఆ ముక్కే వేసి నవ్వుకున్నారు.

అంత పరువు పోయినా ఆయన మరో పదిహేడేళ్లు అదే తెర మీద ఉన్నాడు. మరుసటి ఏడాది, 1988లో, బ్రిటన్ వాతావరణ శాఖ ప్రమాదకర వాతావరణానికి ప్రత్యేక హెచ్చరికల వ్యవస్థను మొదలుపెట్టింది. నాకు ఈ కథలో నచ్చేది ఇదే. తప్పుకు ఒక ముఖం ఉంది. ‘నువ్వు చెప్పావు, జరగలేదు’ అని వేలెత్తి చూపడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి వెనక ఉన్న శాఖ తల వంచుకుని తన పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. మన తెలుగు తెర మీద గత పాతికేళ్లలో తప్పిన వాతావరణ సూచన ఒక్కటైనా ఎవరి పేరుతోనైనా గుర్తుందా? గుర్తుండదు. చదివినవారు చెప్పలేదు, చెప్పినవారు కనపడలేదు.

చదవడానికీ చెప్పడానికీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే ‘ఒకటి రెండు చోట్ల’ అనే మాట దగ్గర. ‘ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు’ అనగానే ఇంట్లో అందరూ నవ్వుతారు, ఎక్కడో ఒకచోట పడకపోతుందా అని. నిజానికి భారత వాతావరణ శాఖ లెక్కలో ఆ మాటకు కొలత ఉంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల పడితే అది ‘ఒకటి రెండు చోట్ల’. సగం వరకైతే ‘కొన్నిచోట్ల’. ముప్పావు వంతు వరకైతే ‘చాలాచోట్ల’. అలాగే ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు, ‘అతి భారీ’ అంటే 204.4 వరకు, అది దాటితే ‘అత్యంత భారీ’. ఇంత పదునైన భాష మన చేతిలో ఉంది. దాన్ని తెర మీద ఒక్కరైనా విడమరిచి చెప్పారా? ‘అతి’కీ ‘అత్యంత’కీ తేడా తెలియని గొంతు ఆ రెండింటినీ ఒకే చిరునవ్వుతో పలుకుతుంది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఆమె చేతికి కాగితం ఇచ్చారు, చదివింది.

ఇక తిత్లీ తుపాను సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస సమీపంలో తీరం దాటింది. ‘తీరం దాటింది’ అన్న మాట మన చానళ్లకు సినిమా చివర శుభం కార్డు లాంటిది. అది పడగానే కెమెరాలు కూలిన కొబ్బరిచెట్ల మీదికి, తర్వాత నాయకుల పరామర్శల మీదికి వెళ్లిపోతాయి. తుపాను మాత్రం ఆగలేదు. నేల మీదికి వచ్చాక దారి మార్చుకుని ఈశాన్యానికి తిరిగి, ఒడిశాలోని గజపతి జిల్లా కొండల మీద కుంభవృష్టి కురిపించింది. బరఘర అనే కొండ ఊళ్లో వానకు తట్టుకోలేక గుహలాంటి చోట తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడింది. పదిమందికి పైగా పోయారు. సముద్రానికి అంత దూరంలో, తుపాను ‘అయిపోయాక’ జరిగిన చావులు ఇవి.

అదే నీళ్లు వంశధారలోకి దిగాయి. వంశధార ఒడిశాలో పుట్టి, గుణుపురం, కాశీనగర్ దాటి, మన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి వస్తుంది. నాగావళి కూడా రాయగడ మీదుగానే తోటపల్లికి చేరుతుంది. శ్రీకాకుళం రైతుకు రేపు పొలంలో ఎంత నీరు నిలుస్తుందో చెప్పాలంటే ఇవాళ రాయగడలో ఎంత పడిందో చెప్పాలి. అంటే ఇచ్ఛాపురం దగ్గర చెయ్యి ఆపేసే పటం అవతలి తెలుగువాళ్లకే కాదు, ఇవతలివాళ్లకు కూడా అన్యాయం చేస్తోంది. వానమబ్బులను దూరం నుంచే పసిగట్టే విశాఖ డాప్లర్ రాడార్ చూపు గోపాల్‌పూర్ దాటి పోతుంది. రాడార్‌కు కనిపించింది స్టూడియోకు వచ్చేసరికి రాష్ట్ర సరిహద్దు కత్తెర్లతో కత్తిరింపుకు గురవుతోంది.

దీనికి ఒక జవాబు వస్తుందని తెలుసు. హెచ్చరిక అధికారికంగా ఒక్కచోటి నుంచే రావాలి, ఆంధ్రకు విశాఖ కేంద్రం, ఒడిశాకు భువనేశ్వర్ కేంద్రం ఉన్నాయి, చానళ్లలో ప్రతివాళ్లూ సొంత జోస్యం చెబితే పుకార్లే మిగులుతాయి, పైగా ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది అని. పుకార్ల భయం న్యాయమైనదే. కానీ నేను అడుగుతున్నది జోస్యం కాదు, వివరణ. ఆ ఒక్కచోటి నుంచి వచ్చినదాన్ని అర్థం చేసుకుని, అడిగితే జవాబు చెప్పగల మనిషి కావాలంటున్నాను. ఫోనులో మబ్బు బొమ్మ వస్తుంది గానీ, పడవ ఎప్పుడు పైకి లాగాలో రాదు.

ఒడిశాకు అలాంటి ముఖం దొరికింది. భద్రక్ జిల్లాలో పుట్టిన మృత్యుంజయ్ మహాపాత్ర 2019లో భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఫైలిన్ ఎక్కడ తాకుతుందో ముందే కచ్చితంగా చెప్పినప్పటి నుంచి ఆయనకు ‘సైక్లోన్ మ్యాన్’ అన్న పేరు స్థిరపడింది. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల ప్రాణాలు పోగొట్టుకున్న రాష్ట్రం, ఫైలిన్‌కు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించి, చావులను పదుల్లో ఆపగలిగింది. ఆ తేడా వెనక ఉపగ్రహాలున్నాయి, ఆశ్రయ భవనాలున్నాయి, ఒప్పుకుంటాను. దాంతోపాటు జనం నమ్మే గొంతు కూడా ఉంది. ఇల్లు వదిలి రమ్మంటే కదలడానికి మనిషికి ఆ నమ్మకం కావాలి.

ఆ గొంతు మాట్లాడేది ఒడియా. గంజాం తీరంలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్‌లలో సముద్రం మీద బతికేవారిలో అత్యధికులు తెలుగువాళ్లు. ఒడియావారు వాళ్లను నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, చదువు చాలామందికి రెండింటిలోనూ అంతంతే. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు వాళ్లకు కంఠతా వచ్చు. మూడైతే ఏమిటి, పదైతే ఏమిటి అని అడిగి చూడండి. పదకొండో నంబరంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని అర్థం. ఈ జనానికి తెలుగు చానళ్లు ఏళ్ల తరబడి ఎగరేస్తున్నది ఆ పదకొండో నంబరే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. అప్పటి నుంచి సరిహద్దు అవతలి తెలుగు మనకు గుర్తొచ్చేది తగాదా వచ్చినప్పుడే. రెండు రాష్ట్రాలూ తమవనే సరిహద్దులోని కొటియా గ్రామాలు ఎవరివన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రతి ఎన్నికకూ అది శీర్షికల్లోకి వస్తుంది. ఆ ఊళ్లు మావే అని స్టూడియోల్లో బల్లలు గుద్దే వారిలో ఒక్కరైనా, ఇవాళ కొటియాలో వాన ఎంత అని అడగగా నేను వినలేదు. నేల కావాలి, ఆ నేల మీద తడిసేవాళ్లు అక్కర్లేదు. భాష పేరుతో రాష్ట్రాలు కట్టుకున్న మనం ఆ భాషను రాష్ట్రపు గీత దగ్గరే దింపేశాం. పాఠ్యపుస్తకం ఆగిపోయింది, పత్రికల సరిహద్దు సంచిక సన్నబడింది, చివరికి వాన కూడా ఆగిపోయింది.

ఖర్చు కూడా పెద్దది కాదు. వాతావరణ శాస్త్రం చదివిన ఒక్క మనిషిని తెర మీదికి తేవాలి. పటాన్ని జిల్లాల వారీగా కాకుండా నదుల వారీగా గీయాలి. భువనేశ్వర్ బులెటిన్‌ను కూడా తెలుగులో చెప్పాలి. లోగోను పక్కకు జరపాలి.

మా పెద్దమ్మ ఇప్పుడు రెండు చానళ్లు చూస్తుంది. ఒడియా పటంలో బరంపురాన్ని వెతుక్కుని, సంగతేమిటో తెలుసుకోవడానికి తెలుగు పెడుతుంది. మొన్న ఫోన్ చేసి అడిగింది:

‘ఒరేయ్, ఒడియాలో లఘుచాప అంటున్నారు. అంటే అల్పపీడనమా, వాయుగుండమా?’

‘అల్పపీడనం పెద్దమ్మా.’

‘అయితే డాబా మీద వడియాలు తీసెయ్యాలి’ అని ఫోను పెట్టేసింది.