గడువు మాకేనా?

రాత్రి 11:59కి మా కాలేజీ అసైన్‌మెంట్ పోర్టల్ గడువు ముగుస్తుంది. 12:01కి అప్‌లోడ్ చేస్తే ఎర్రక్షరాల్లో 'ఆలస్యం' అని పడుతుంది, మార్కులు కట్. సరే, రూల్ రూలే. మరి దిద్దిన పేపరు మా చేతికి ఎప్పుడొస్తుంది? మూడు వారాలన్నారు, ఏడో వారంలో వచ్చింది. ఈలోగా రెండో అసైన్‌మెంట్ కూడా ఇచ్చేశాను, మొదటిదాంట్లో ఏం తప్పు చేశానో తెలియకుండానే. అదే తప్పు మళ్లీ చేసుంటాను, ఇంకేముంది!

ఇంతకీ వచ్చిన కామెంటు: 'ఇంకా లోతుగా రాయాల్సింది.' ఎక్కడ? ఏ పేరాలో? పదిహేను పేజీల్లో ఒక్క టిక్కు కూడా లేదు.

మేమూ తక్కువ తినలేదు, ఒప్పుకుంటా. సందేహాలుంటే రమ్మని సారు ప్రతి బుధవారం గంటసేపు కూర్చుంటే, పరీక్షలు నెత్తిమీదకొచ్చేదాకా ఆ గడప తొక్కం. సిలబస్ కాగితంలో ఉన్నదే అర్ధరాత్రి మెయిల్ పెట్టి అడుగుతాం, తెల్లారేసరికి జవాబు రాలేదని గొణుక్కుంటాం.

కానీ చేరిన రోజు ఇచ్చిన హ్యాండ్‌బుక్ తీసి చూడండి. మా బాధ్యతలన్నిటికీ 'తప్పనిసరిగా', పాఠాలు చెప్పేవాళ్లవాటికి 'వీలైనంతవరకు'. పెన్సిల్‌తో గీతలు గీసి మరీ చూశాను. కాస్త ఆలస్యమవుతుందని ఒక్క లైను మెయిల్ పెట్టినా ఇంత ఒళ్లు మండేది కాదు.