నైరోబీ మాస్టర్ ప్లాన్ వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నైరోబీ మాస్టర్ ప్లాన్ వారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చిన నాడు నాలుగు లక్షలైనా జనం లేని నైరోబీ, 2019 జనాభా లెక్కలలో సుమారు 44 లక్షలకు చేరింది. ఇంతమంది వచ్చి పడుతున్నా చలించకుండా, గీసిన గీత దగ్గరే నిలబడగలిగిన తమరి నిబ్బరానికి ముందుగా జోహారులు.

తమరు 1948లో అవతరించినప్పుడు ధరించిన బిరుదు "వలస రాజధాని" మాస్టర్ ప్లాన్. 1899లో రైల్వే డిపోగా మొదలైన ఆ ఊళ్ళో పడమటి వైపు చల్లని మెట్టలు తెల్లవారికి, తూర్పు వైపు నేలలు ఆఫ్రికన్లకు, వేరే పేటలు భారతీయులకు అప్పటికే పంచి ఉన్నాయి. ఆఫ్రికన్ పురుషుడు ఒంటరిగా వచ్చి, కూలి చేసి, తిరిగి పల్లెకు పోతాడు గనుక వాడికి మంచం పట్టేంత చోటు చాలునని పాలకుల అంచనా. దొరలు వెళ్ళిపోయారు గాని అంచనా వెళ్ళలేదు. రంగు ఉన్న చోట ఆదాయం వచ్చి కూర్చుంది, అంతే. 1973లో తమరు మరో అవతారమెత్తి 2000 వరకు దారి చూపుతామన్నారు. ఆ గడువు తీరిపోయాక మూడో అవతారానికి 2014 దాకా తీరిక చిక్కలేదు. ఆ మధ్యకాలంలో నీడ కోసం నాలుగు రేకులు నిలబెట్టుకున్నవారిని అందరూ అనధికారికులన్నారు. గడువు తీరిన ప్లాన్‌ను ఆ మాట అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

నైరోబీలోని పెద్ద పేదల బస్తీ కిబేరా విషయంలో తమరి వర్గం చూపును ప్రత్యేకంగా కొనియాడవలసి ఉంది. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన, సూడాన్ మూలాలున్న నూబియన్ సైనికులు ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే అక్కడ స్థిరపడితే, వారి సంతతికి 288 ఎకరాల పట్టా చేతికి వచ్చింది 2017లో. అంతవరకు వారిది నివాసమే గాని హక్కు కాదు. సర్కారు పటాలలో కిబేరా చాలాకాలం అడవిగానే ఉండిపోయింది. చివరికి 2009లో అక్కడి యువకులే జీపీఎస్ పరికరాలు పట్టుకుని సందులు, కుళాయిలు, బడులు, వైద్యశాలలు పటానికి ఎక్కించుకున్నారు. అదే ఏడాది జనగణన అక్కడ సుమారు 1.7 లక్షల మందిని లెక్కించింది. అంతకుముందు పది లక్షలని ప్రపంచమంతా చెప్పుకునేది. పటం దగ్గర శూన్యం, విరాళాల దగ్గర పది లక్షలు! ఇంత సౌకర్యంగా పెరిగి తరిగే జనం మరెక్కడుంటారు?

అక్కడ ఉన్నవారిలో అత్యధికులు అద్దెకున్నవారే. నేల చాలావరకు ప్రభుత్వానిది, గది కట్టడానికి అనుమతి సర్కారు నియమించిన స్థానిక చీఫ్ నోటి మాట, అద్దె వసూలు చేసుకునే యజమాని తరచుగా వేరే పేటలో, ఒక్కోసారి ప్రభుత్వోద్యోగంలోనే ఉంటాడు. పైపులైను అందని సందులో జెర్రీక్యాన్ అనే డబ్బాతో కొనే నీటికి, కుళాయి ఉన్న పెద్దింటి నీటికంటే లీటరుకు ఎన్నో రెట్లు చెల్లించవలసి వస్తుంది. 2010 రాజ్యాంగం 43వ అధికరణంలో తగిన గృహమూ పారిశుధ్యమూ ప్రతి ఒక్కరి హక్కని వ్రాసి ఉంది. ప్రపంచ నగరాల బాగోగులు చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఆ నగరంలోనే, పచ్చని గిగిరి పేటలో ఉంది. దూరం మరీ ఎక్కువేమీ కాదు.

తమరికి ఆ సందులు కనిపించవని అనేవారు అన్యాయం చేస్తున్నారు. 2018 జూలైలో రోడ్డు కోసం కిబేరాలో ఇళ్ళూ బడులూ కూల్చినప్పుడు బుల్డోజరుకు దారి ఇట్టే దొరికింది కదా. నీటి గొట్టానికి దొరకని దారి! 2024 వరదల తరువాత మథారే, ముకురు బస్తీలలో నది ఒడ్డున 30 మీటర్ల లోపు కట్టడాలు ఉండరాదన్న నియమం కూడా చటుక్కున గుర్తుకొచ్చింది. వాన వెలిసేలోగా పేదల రేకులు లేచిపోయాయి.

ముకురులో మాత్రం తమరి పరువుకు కొంత భంగం జరిగింది. 2017లో నైరోబీ కౌంటీ ప్రభుత్వం దానిని ప్రత్యేక ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించాక, అక్కడివారు మూంగానో అనే బస్తీవాసుల సమాఖ్యతో కలిసి, రోడ్డు ఎంత వెడల్పుంటే ఎన్ని ఇళ్ళు పోతాయో తామే లెక్క వేసుకున్నారు. పుస్తకంలో ఉన్న వెడల్పు కోసం ఇళ్ళు పోగొట్టుకోవడం కంటే, ఇళ్ళు నిలిచేలా వెడల్పు తగ్గించుకోవడం మేలని తేల్చారు. ఇంతటి సాహసం ఏ కళాశాలలో నేర్చారో విచారణ జరిపించవలసిందిగా కోరుతున్నాను.

తమరి ప్రస్తుత గడువు 2030. తదుపరి అవతారానికి ముందు ఒకసారి స్వయంగా వచ్చి చూస్తామని తమరు అనుకుంటే సంతోషమే. మార్చి, మే నెలల మధ్య పెద్ద వానలు. అప్పుడైతే మురుగు ఎటు పారుతుందో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది. వచ్చేటప్పుడు నీళ్ళు వెంట తెచ్చుకోండి. అక్కడ కొనడం ఖరీదు.

ఇట్లు,
తమరి గీతల మీద భక్తి కలిగిన ఒక పాఠకుడు