స్టాక్‌హోంకి ఓడలో వెళ్లడం టైమ్ వేస్ట్ కాదు
ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి స్వీడన్ రాజధాని స్టాక్‌హోంకి విమానంలో గంటలో చేరిపోవచ్చు, రాత్రంతా ఓడలో గడపడం టైమ్ వేస్ట్ అని ఒకరు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. సాయంత్రం ఓడ ఎక్కితే మర్నాడు ఉదయం పది ప్రాంతంలో దిగుతాం, మధ్యలో హాయిగా నిద్రపోతాం. ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది. మేము జూన్‌లో వెళ్లాం. ఆ నెలలో అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే వెలుగు వచ్చేస్తుంది. అమ్మ నిద్ర లేచి కిటికీలోంచి చూసి, నన్ను తట్టి లేపింది. ఇద్దరం శాలువాలు కప్పుకుని డెక్ మీదికి వెళ్లాం. స్టాక్‌హోం ముందు సముద్రంలో వేల దీవులున్నాయి, చిన్నాపెద్దా అన్నీ కలిపితే దాదాపు 30,000 అంటారు. అంత పెద్ద ఓడ వాటి మధ్య నుంచి గంటల తరబడి మెల్లగా సాగుతుంది. రాళ్ల మీద పైన్ చెట్లు, ఎర్ర రంగు వేసిన చెక్క ఇళ్లు, ఇంటి ముందు కట్టేసిన పడవ... కొన్నిచోట్ల ఒడ్డు ఎంత దగ్గరగా వచ్చిందంటే అక్కడ నిలబడ్డ ఒకాయన చెయ్యి ఊపితే అమ్మ కూడా ఊపింది. చివరికి చర్చి గోపురాలతో ఊరు నీళ్లలోంచి లేచినట్టు కనిపిస్తుంది. 14 దీవుల మీద కట్టిన నగరం అది, దాన్ని నీళ్ల మీద నుంచి చూస్తేనే అర్థమవుతుంది. మా ఓడ స్టాడ్స్‌గార్డెన్ రేవులో ఆగింది, అక్కడి నుంచి పాత ఊరు గామ్లా స్టాన్‌కి నడిచే వెళ్లాం. డిసెంబరులో మాత్రం ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు పొడవదు, అప్పుడు వెళ్లేవాళ్లకి దీవులు చాలావరకు చీకట్లోనే దాటిపోతాయి.