లూప్ లైన్‌లో అమెరికా ప్రయాణికుడు

అమెరికాలో ప్రయాణికుల రైళ్ల భవిష్యత్తు అనగానే అందరి దృష్టీ కాలిఫోర్నియా బుల్లెట్ రైలు మీదికే పోతుంది. 2008లో ఓటర్లు ఒప్పుకున్నప్పుడు 3,300 కోట్ల డాలర్లన్న అంచనా ఇప్పుడు పదివేల కోట్లు దాటింది. అది నడిచినప్పటి సంగతి. ఇవాళ నడుస్తున్న రైలు వేళకెందుకు చేరదన్నది ముందు తేలాలి.

1971 మే 1న మొదలైన, దేశమంతా ప్రయాణికుల రైళ్లు నడిపే ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్‌కు సొంత పట్టాలు బహు తక్కువ. బోస్టన్-వాషింగ్టన్ మార్గంలో చాలా భాగం దానిదే. అక్కడా పాత కష్టాలున్నాయి: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్ ఆఫీసులకు వెళ్లే మనవాళ్ల రైళ్లు దూరే, హడ్సన్ నది కింది సొరంగాలు 1910 నాటివి. 2012 శాండీ తుపానులో వాటిలోకి ఉప్పునీరు చేరింది. రెండింటిలో ఒకటి మూస్తే గంటకు 24 రైళ్లు కాస్తా 12 కాదు, ఆరుకు పడిపోతాయి. మిగిలిన ఒక్క పట్టా మీదే రానూపోనూ నడపాలి మరి. కొత్త జంట సొరంగం పూర్తయితేగానీ పాతవాటిని మరమ్మతుకు మూయలేరు.

దేశంలో మిగతా చోట్ల పట్టాలు దాదాపు అన్నీ సరుకు రవాణా కంపెనీలవి. సిగ్నల్ ఇచ్చేదీ ఏ రైలు ముందు పోవాలో చెప్పే వాళ్ల డిస్పాచర్లే. గూడ్సు కంటే ప్రయాణికుల రైలుకే ముందు దారి ఇవ్వాలని 1973 నుంచి చట్టముంది. మన దగ్గరైతే ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్సును లూప్‌లో, అంటే ఒక రైలు ఆగి మరోదానికి దారిచ్చే పక్క పట్టా మీద, పెడతారు. అక్కడ సింగిల్ లైన్ మీద గూడ్సు పొడవు మూడు కిలోమీటర్లు, లూప్ పొడవు రెండు కిలోమీటర్లు అయితే డిస్పాచర్‌కు మనసున్నా చేయగలిగిందేమీ లేదు. లూప్‌లో పట్టేది ప్రయాణికుల రైలే, పక్కకు పోయేదీ అదే. ఎదురెదురు రైళ్లు దాటుకునే ఒక క్రాసింగ్ తప్పితే తర్వాతివీ తప్పుతాయి. ఈలోగా సిబ్బందికి 12 గంటల డ్యూటీ పరిమితి దాటితే, వేరేవాళ్లు వచ్చేదాకా రైలు కదలదు. తక్కువ సిబ్బందితో పొడవాటి గూడ్సులు నడపడం కంపెనీలకు లాభం. ఆ లాభానికి మూల్యం ప్రయాణికుడి గంటలు.

సరుకు రవాణా కంపెనీ నార్ఫోక్ సదరన్ ఆధీనంలోని పట్టాల మీద 2023లో దక్షిణానికి వెళ్లిన ఆమ్‌ట్రాక్ క్రెసెంట్ రైళ్లలో వేళకు చేరినవి నూటికి 24 మాత్రమేనని న్యాయశాఖ 2024 జులైలో ఆ కంపెనీపై దావా వేసింది. ప్రయాణికుల రైలుకే ముందు దారి అన్న ఆ చట్టం కింద అంతకుముందు దావా పడింది 1979లో! దావా వేసే అధికారం న్యాయశాఖ ఒక్కదానికే ఉండటం వల్ల చట్టం కాగితానికే పరిమితమైంది.

రైళ్లకు 6,600 కోట్ల డాలర్లిచ్చిన 2021 చట్టం గడువు 2026 సెప్టెంబర్ 30. తర్వాతి బిల్లులో ఎంత డబ్బన్నది ఎలాగూ చర్చకొస్తుంది. కోర్టుకెళ్లే హక్కు ఆమ్‌ట్రాక్‌కే ఇవ్వాలన్నది మా మాట. లూప్‌ల పొడిగింపుకు కేంద్ర నిధులు తీసుకునే కంపెనీ, ఆ పని పూర్తయ్యేదాకా లూప్‌లో పట్టని గూడ్సును ప్రయాణికుల రైలుకు ఎదురుగా సింగిల్ లైన్ మీదికి వదలకూడదన్న షరతు కూడా అందులోనే రాయాలి.