సూది చూసి పడిపోయేవారి సంగతి
పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం) గురించి ఒక వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. పానిక్ అటాక్‌లో రక్తపోటు పెరుగుతుంది, స్పృహ తప్పాలంటే అది పడిపోవాలి, కాబట్టి పడిపోతామన్న భయం అక్కర్లేదన్న వ్యాసకర్త మాట చాలామందికి వర్తిస్తుంది. నాకూ రద్దీ బస్సులో గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఇక కూలిపోతానేమో అనిపించేది; ఒక్కసారీ పడిపోలేదు. వేగంగా ఊపిరి తీస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడులోని రక్తనాళాలు కుంచించుకుంటాయి, తల తిరిగేది అందుకే. మా చెల్లెలి సంగతి మాత్రం వేరు. సూది చూస్తే చాలు, మొదట గుండె వేగం పెరిగి, ఆ వెంటనే నాడి, రక్తపోటు రెండూ దిగజారి నిజంగానే ఒరిగిపోతుంది. రక్తమన్నా సూదులన్నా భయపడేవారిలో ఇది అరుదేమీ కాదు. అలాంటివారికి ‘ఒళ్లు వదులు చేసుకో’ అని చెప్పడం (మా ఇంట్లో పెద్దలందరి సలహా అదే) మేలు కన్నా కీడే చేయవచ్చు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో రూపొందించిన పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు: చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10-15 సెకన్లు గట్టిగా బిగించి, కాస్త సడలించి, మళ్లీ బిగించాలి. దాంతో రక్తపోటు నిలబడుతుంది. వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యమైనా ఉండాల్సింది. ఇక ఏ భయమూ లేకుండా, పరిగెడుతూనో మెట్లెక్కుతూనో స్పృహ తప్పితే మాత్రం వెంటనే గుండె డాక్టరుకు చూపించుకోవాలి.